లచ్చవ్వ అన్న మాట, పేపర్ల పడ్డ మాట

బస్టాండుల కిటికీ ఎనుక కూసొని మైకుల బండ్ల పేర్లు చదువుడే కంట్రోలర్ పని అని అందరనుకుంటరు. చేరిన దినం నేను గూడ గట్లనే అనుకున్న. చంద్రపూర్ జిల్లాల సర్కారు బస్సుల కొలువు చేసిన, అండ్ల ఎక్కువ ఏండ్లు గడ్‌చాందూర్ బస్టాండులనే గడిచినయి. ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఎవడు అడ్డం పడ్డడు అనేటివి రాయ. అవి ఎవనికీ పనికి రావు, నాకే యాది చేసుకోబుద్ధి కాదు.

మొన్న మా చుట్టాల పిల్ల ఒకామె ఇంటికొచ్చింది. కంట్రోలర్ పరీక్ష పాసయిందట. "కాకా, గీ పనిల అన్నిటికన్న కష్టమైంది ఏంది?" అనడిగింది. డ్రైవర్ రాకపోవుడు, ఎండాకాలం జనం తిట్లు, పండుగల గర్దీ, శానా చెప్పొచ్చు. నా నోటికి మాత్రం "పేపరోల్లు" అని వచ్చింది. ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలే.

ఆ పిల్ల చదువంత మరాఠీల అయింది, తెలుగు చదువుడు కష్టం. వాల్ల నాయన చదివి వినిపిస్తడట. అందుకే మాట్లాడినట్టే రాస్తున్న. కొంచెం అలిసిన మనిషి మాటలు, ఓపిక పట్టి వినాలె.

పేపరు కట్ట

ఫోన్ల వార్తలు రాని కాలం. నాగపూర్‌ల అచ్చయిన పేపర్లు తెల్లారక ముందే చంద్రపూర్ చేరుతుండె. ఆడికెల్లి ఊర్లకు పొయ్యేటియి మా మొదటి బండ్ల మీదనే. డ్రైవర్ సీటు పక్కన ఇంజన్ మూత మీద కట్టలు పడేస్తుండ్రి. రాజురాల ఒకటి, గడ్‌చాందూర్‌ల రెండు, మిగిలినయి కోర్పనా, దాని అవతలి ఊర్ల దాక. తెలుగు పేపరైతె రైల్ల బల్లార్షా దాక వచ్చి, ఒక దినం పాతపడినంక మాకు దొరుకుతుండె. దాన్ని గూడ కొట్లాడుకొని చదివేటోల్లం.

అంటే సూడుండ్రి, పేపర్ల మమ్మల్ని తిట్టిన తిట్టు గూడ మా బండి మీదనే ఊరూరికి పోతుండె. పొద్దుగాల మా డ్రైవరే ఆ కట్టను జాగ్రత్తగ దించి ఇస్తుండె. బండి పావుగంట లేటయితే ఏజెంటు నా మీద లేస్తుండె, "జనం ఎదురుచూస్తున్నరు" అని. ఆ లేటు సంగతే మర్నాడు పేపర్ల రాస్తుండె.

ఒక రివాజు ఉండె. కోర్పనాకు పొయ్యే కట్ట ముడి ఇప్పి, ఒక పేపరు కంట్రోలర్‌కు ఇచ్చి, మల్ల ముడేసి బండెక్కిస్తరు. ఎవరు మొదలు పెట్టిండ్రో తెల్వదు. నేను చాయ్ తాగుకుంట అది చదివేదాక బండి కదలకపోతుండె. ఆ ఊర్లల్ల ఏం చదువుతరో, వాల్లకంటె ముందు నాకే తెలుస్తుండె. అది పెద్ద మర్యాద అనుకొని మురిసేటోన్ని.

మా గడ్‌చాందూర్‌ల పేపరు ఏజెంటు వామన్‌భావు. పేపరు అమ్మేది ఆయనే, వార్తలు రాసేది ఆయనే, ప్రకటనలు తెచ్చేది గూడ ఆయనే. నెత్తికి మఫ్లర్, సంచిల కెమెరా. చెడ్డ మనిషి కాదు. నా ఎదురుంగ కూసొని చాయ్ తాగి, నా మీదనే రాసేటోడు. పొద్దుగాల మల్లొచ్చి "రాగ్ ధరూ నకా, కోపం పెట్టుకోకు అన్నా" అని చెయ్యి పట్టుకునేటోడు. కోపం రాకపోతుండె, ఏం జేస్తం.

జిల్లా పేజీ

తొంభైల మొదట్ల ఢిల్లీల ఏందో మారింది, దేశం తలుపులు తెరిచిండ్రు అని చెప్పుకున్నరు. మాకైతే మా రోడ్డు మీద కనబడ్డది. సిమెంటు లారీలు రెట్టింపయినయి. ఫైనాన్సు మీద జీపులు కొన్నోల్లు బస్టాండు గేటు ముంగటనే "రాజురా, రాజురా" అని ఒర్లుకుంట మా ప్యాసింజర్లను ఎక్కించుకపోవుడు షురూ చేసిండ్రు. పేపర్లకేమో జిల్లా పేజీ అని ఒకటి కొత్తగ వచ్చింది, రంగులతోటి.

ఆ పేజీ దినాం నిండాలె. గడ్‌చాందూర్‌ల దినాం ఏం జరుగుతది? ఏం జరగదు. ఇగ బస్సుల మీద పడ్డరు. వానకాలమొస్తే బస్సుల గొడుగు పట్టుకొని కూసున్న ముసలాయన ఫోటో. అదే ఫోటో మూడు వానకాలాలు వేసిండ్రు. మూడో ఏడు ఆ బస్సు భంగారుల, పాత ఇనుము కింద అమ్ముడుపోయింది, ఫోటోల మాత్రం ఇంక కురుస్తనే ఉన్నది.

ఒకనాడు నేను భావును నిలదీసిన. "జీపుల ఇరవై మందిని కుక్కుతున్నరు, టాపు మీద కూసోబెడుతున్నరు. మొన్న ఒకటి పల్టీ కొట్టింది. దానికి నాలుగు లైన్లు రాసినవు. మా టైరు పంచరయితే ఫోటో ఏస్తవు. ఏంది గిది?"

భావు ఏం దాచకుండ చెప్పిండు. "అన్నా, బస్సు అందరిది. అందరిదాన్ని తిడితే కొట్లాటకు ఎవ్వడు రాడు. జీపుకు మాలక్ ఉన్నడు. వాడు ఇంటికొస్తడు."

ఆ జీపు మాలకులే దివాలికి పేపర్ల శుభాకాంక్షల ప్రకటన ఇస్తరని ఆయన చెప్పలే. చెప్పాల్సిన పని గూడ లేదు, నేను కండ్లతోటి సూస్తుంటి.

ఇంకో దిక్కు మా డిపో మేనేజర్ సాహెబ్. పేపరు చేతికొస్తే నిలబడే చదివేటోడు, అంత భయం. "పేపరోల్లతోటి నేను దప్ప ఎవ్వడు మాట్లాడొద్దు. మాట్లాడినోడు ఇంటికి పోతడు" అని నోటీసు పెట్టిండు. దాని కింద మేమందరం సంతకాలు పెట్టినం. ఆయనేమో పేపరోల్లకు దొరకకపోతుండె. వాల్లు మా దగ్గరికే వస్తుండ్రి. నోరు మూసుకుంటే "అధికారుల నిర్లక్ష్యం" అని రాస్తరు, తెరిస్తే నౌకరికి ఎసరు. కొత్తగ చేరేటోల్లు ఇది తెలుసుకోవాలె. మనకు మాట్లాడే హక్కు లేదు, మాట్లాడకుంటే తప్పు మనదే అయితది.

దవాఖానల

ఇప్పుడు అసలు సంగతి.

పోశెట్టి అని ఒక డ్రైవర్. కోర్పనా దిక్కు, సరిహద్దు ఊరోడు, మా తెలుగోడే. ముందుగాల తాగుతుండె. డ్యూటీల ఎన్నడు కాదు, ఇంటికాడ. భార్య ఒట్టు పెట్టిచ్చుకుంటె మానేసిండు, నాలుగేండ్లయింది మానేసి. మానేసినంక పానం మంచిగయింది, పిల్లలు దగ్గరికొచ్చిండ్రు. ఆ నాలుగేండ్లు వానికి ఎంత గొప్పయో వాని మొఖం మీదనే కనబడుతుండె. పండుగ నాడు డిపోల ఎవడన్న గ్లాసు ముంగట పెడితే చేతులు జోడించేటోడు. వాని పరువంత ఆ నాలుగేండ్లల్లనే ఉన్నది.

ఒకనాడు పొద్దుగాల పది గంటలకు, ఉప్పర్వాహి దాటినంక, సిమెంటు లారీ ఒకటి ఓవర్‌టేక్ చేసుకుంట మీదికొస్తే పోశెట్టి బండిని పక్కకు కోసిండు. బండి మోరి పక్కన చేన్లకు దిగి ఒరిగింది. దేవుని దయ, ఎవ్వరి పానం పోలే. దెబ్బలు తాకినోల్లను గడ్‌చాందూర్ దవాఖానకు తెచ్చిండ్రు. పేర్లు రాసుకొనుటానికి నేను ఉరికిన. నా ఎనుకనే వామన్‌భావు, కెమెరతోటి.

బెంచి మీద లచ్చవ్వ కూసున్నది. నుదురుకు పట్టి. పోశెట్టి పక్క ఊరామె, ఒక్కతే ఉంటది, ఎప్పుడన్న గడ్‌చాందూర్ అంగడికి ఇదే బండ్ల వస్తది. మరాఠీ ఒక్క ముక్క రాదు. భావుకు తెలుగు రాదు. "అన్నా, జరా అడుగు, ఏమయిందో చెప్పమను" అన్నడు.

నోటీసు యాదికుండె. సంతకం యాదికుండె. అయినా అడిగిన. రెండు భాషలు వస్తయని నలుగురు పిలుస్తే ఆ గర్వం గట్లనే ఉంటది.

"అవ్వా, ఏమైందే?" అన్న.

"వాడేం జేస్తడు బిడ్డా" అన్నది లచ్చవ్వ. "మందు తాగే బండెక్కిండు. గా లారోడు ఆగమాగం మీదికొచ్చె. పాపం, వాన్నేమనకుండ్రి."

నేను భావు దిక్కు తిరిగి చెప్పిన, "దారూ తాగే బండెక్కిండట. లారీ ఎదురొచ్చిందట."

భావు పెన్ను ఆగింది. "దారూ? పక్కా?"

"ఆమె కండ్లతోటి చూసిందట" అన్న నేను. ఆ ముక్క ఆమె అననే లేదు. నేనే అతికిచ్చిన.

ఇండ్ల తప్పు ఏడున్నదో తెలుగు చదివేటోల్లకు చెప్పాల్సిన పని లేదు, అయినా చెప్త. మా దిక్కు ముసలోల్లకు మందంటే దవాఖానల ఇచ్చేది, లేకుంటే పత్తి చేన్ల కొట్టేది. తాగుడుకు వాల్లు సార అంటరు, కల్లంటరు. మందంటే దారూ అనుడు సిమెంటు ఫ్యాక్టరీలల్ల పనికొచ్చిన బయటి తెలుగోల్ల మాట. సాయంత్రం బస్టాండుల కూసొని వాల్లతోటి ముచ్చట పెట్టుకుంట నేను నేర్చిన. లచ్చవ్వ నేర్వలే. ఆమె ఎప్పటి మాట ఆమె అన్నది, నేను కొత్త మాట విన్న. పోశెట్టి ఎనకటి తాగుడు నా మనసుల ఉండనే ఉన్నది, ఇగ అనుమానమే రాలే. "ఏం మందవ్వా?" అని అడిగితే అయిపోతుండె. నోటికి బరువా, ఏమన్న ఖర్చా? అడగలే.

ముడి

మర్నాడు పొద్దుగాల కట్ట వచ్చింది. రివాజు ప్రకారం ముడి ఇప్పి పేపరు నా చేతుల పెట్టిండ్రు. జిల్లా పేజీల పైననే ఉన్నది, తాగిన డ్రైవర్ బస్సును చేన్ల పడగొట్టిండని. ఫోటోల లచ్చవ్వ. ఫోటో కింద ఆమె పేరు, ఆమె ఊరు, డ్రైవర్ తాగంగ చూసినామె అని.

పక్కన ఆ బండి కండక్టర్ ఉండె, చేతికి కట్టుతోటి వచ్చిండు. నా భుజం మీదికెల్లి చదివిండు. "గిదేంది సాబ్? ఆయనకు రెండు దినాల సంది దగ్గు. కోర్పనాల బండి ఆపి, సీసల దగ్గు మందు మూతల పోసుకొని తాగిండు. గా అవ్వ ముంగటి సీట్లనే కూసున్నది, 'తాగు బిడ్డా, తగ్గుతది' అన్నది గూడ. సీస ఇంక క్యాబిన్‌లనే ఉంటది."

నేను పేపరు మడిచిన.

కట్ట నా ముంగటనే ఉన్నది. ముడి ఇప్పే ఉన్నది. బండి పోయేది పోశెట్టి ఊరి మీదికెల్లే, లచ్చవ్వ ఊరి మీదికెల్లే. ఆపుదామా అనిపించింది. ఆపితే ఎందుకాపినవంటరు. అడిగితే దవాఖానల ఎవడు మాట్లాడిండో బయటికొస్తది. నోటీసు మీద నా సంతకం. ఇద్దరు పిల్లలు బడికి పోతున్నరు. గివన్ని నా మనసుల తిరిగినయి, ఒక్క నిమిషంల.

ముడేసి నేనే ఎక్కిచ్చిన.

పగటీలి భావు దగ్గరికి పోయి చెప్పిన, తప్పయింది, అది దగ్గు మందు అని. భావు మొఖం చిన్నబోయింది. "సుధారణ ఏస్త అన్నా, తప్పు దిద్దుకుంటం. కాని తప్పు ఎవరు చెప్పిండ్రో రాయాలె గద. నీ పేరు రాయనా?"

"నా పేరొద్దు" అన్న.

"మరి డాక్టర్ తీసిన నెత్తురు రిపోర్టు రానీ" అన్నడు. ఆయనకు గూడ అదే మంచిగనిపించింది.

పోశెట్టిని అప్పటికే సస్పెండ్ చేసిండ్రు. రిపోర్టు వచ్చేదాక మూడు నెలలు ఇంట్ల కూసున్నడు. పిల్లలను బడిల ఏమన్నరో, ఊర్ల ఏమనుకున్నరో నేను అడగలే, అడిగే మొఖం లేకుండె. రిపోర్టుల దారూ లేదని వచ్చింది. సాహెబ్ నన్ను పిలిచి, "నీ మరాఠీ మంచిగుంటది, పేపరుకు ఖులాసా నువ్వే రాయి, అసలు సంగతి ఇదని" అన్నడు.

రాసిన. డ్రైవర్ నిర్దోషి అని రాసిన. మరి ఆ వార్త ఎట్ల వచ్చిందంటె ఏదో ఒకటి రాయాలె గద. "ప్రయాణికురాలు ఇచ్చిన తప్పుడు సమాచారం వల్ల" అని రాసిన. నా చేతితోటే, మంచి అక్షరాలతోటి. నోటితోటి చేసింది పొరపాటనుకోవచ్చు. దీన్ని ఏమనాలె? ఒక ముసలామె, చదువు రాదు, మరాఠీ రాదు, పేపరు ముట్టదు, ఆమె వచ్చి అడగదని తెలిసే రాసిన. టైరు ప్రకటన కింద మూడు లైన్లు పడ్డయి. అండ్ల పోశెట్టి బయటపడ్డడు, లచ్చవ్వ ఇరికింది.

చెయ్యెత్తినామె

పోశెట్టి మల్ల అదే రూట్ల ఎక్కిండు. అందరు దండేసిండ్రు, నేను గూడ ఏసిన.

వార్త పడ్డ వారంలనే పోశెట్టి భార్య లచ్చవ్వ ఇంటి ముంగటికి పోయి అడిగిందట. ఇది కండక్టర్ నాకు చెప్పిండు. "మా ఆయన తాగిండని నువ్వే చెప్పినవా?" అంటే లచ్చవ్వ, "అవ్ బిడ్డా, తాగిండు. నా ముంగటనే తాగిండు, అయితే ఏమైంది?" అన్నదట. ఆమె మందు సంగతే చెప్తున్న అనుకున్నది. ఈమె దారూ సంగతే విన్నది. మన్నుబోసి, నోటికొచ్చినట్టు తిట్టి వచ్చిందట. ఎందుకు తిట్టిందో లచ్చవ్వకు సమజ్ కాలే. ఇగ ఆ ఇంటోల్లు ఆమెతోటి మాట్లాడుడు బంద్. దగ్గు మందని తెలిసి గూడ దారూ అని చెప్పిందని వాల్ల కోపం.

పోశెట్టి మాట్లాడుడే కాదు, ఆమె కనబడితే బండి ఆపుడు గూడ బంద్ చేసిండు. ఆమె ఊరు పెద్ద స్టాపు కాదు, చెయ్యెత్తితే ఆపేది. పక్కన ఇంకెవరన్న ఉంటే ఆపుతడు, ఆమె ఎక్కుతది. ఒక్కతే ఉంటే సీదా పోతడు. ఆమె సంచి పట్టుకొని రోడ్లు కలిసే ఫాటా దాక నడిచి జీపు ఎక్కుతదట. కండక్టర్ రెండు మూడు మాట్లు నా చెవినేసిండు, "పాపం ముసలామె సాబ్, మీరన్న చెప్పుండ్రి" అని. "చెప్త తీ" అన్న. చెప్పలే. చెప్తే "ఎందుకు ఆపాలె?" అంటడు. దానికి జవాబు నా దగ్గర ఒక్కటే ఉన్నది, అది బయటికి రాదు.

గట్ల ఏడేండ్లు పోయినయి. నాకు అలవాటయింది. నా మీద నాకు అసయ్యమేసేది గిదే, దినాం ఆ రూటు షీటు మీద సంతకం పెట్టుకుంట మంచిగనే అన్నం తిన్న.

ఒక ఎండాకాలం కండక్టర్ వచ్చి లచ్చవ్వ పోయిందన్నడు. నిద్రల్నే పోయిందట. ఆ మధ్యాహ్నం పోశెట్టి క్యాంటిన్‌ల ఒక్కడే కూసొని చాయ్ తాగుతుండె. పోయి ఎదురుంగ కూసున్న. అంతా చెప్పిన. దవాఖాన, మందు మాట, నేను అతికిచ్చిన ముక్క, పేపరు కట్ట, ఖులాసా, ఏది ఇడవలే. ఆమె లేకుండ పోయినంక నా నోరు పెగిలింది, అదీ నా ధైర్యం.

కొడుతడనుకున్న. కొడితే బాగుండు అనుకున్న గూడ.

పోశెట్టి గ్లాసు పక్కకు జరిపిండు. "అసలు ఆమె ఏమన్నది? ఆమె అన్నట్టే చెప్పు" అన్నడు.

"'వాడేం జేస్తడు బిడ్డా, మందు తాగే బండెక్కిండు. పాపం, వాన్నేమనకుండ్రి' అన్నది."

"వాన్నేమనకుండ్రి అన్నదా?"

"అన్నది."

వాని కండ్లల్ల నీల్లు తిరిగినయి. "ఏడేండ్లు చెయ్యెత్తింది అన్నా" అన్నడు. "నేను అద్దంల చూసేటోన్ని. దుమ్ముల గట్లనే నిలబడుతుండె, చెయ్యి దించకపోతుండె. ఒక్కపారి ఆపినా అడుగుతుంటి గద, గట్లెందుకన్నవే అవ్వా అని."

"నాదే తప్పు పోశెట్టి" అన్న.

"నువ్వు నాకు చేసింది పోనీ" అన్నడు. "నా చేతులతోటి ఆమెకు చేయించినవు చూడు, అది నేనేడ పెట్టుకోవాలె?"

లేసిండు. వాడు తోలే కోర్పనా బండి టైమైంది, మైకుల నేనే పేరు చదవాలె. పోయి చదివిన.